ఎడమ పక్కన కూర్చున్న మామ

మంగళవారం పొద్దున తొమ్మిదిన్నరకు మామ పోయిన కబురు అందింది. నాచారంలో నేను పనిచేసే మందుల ఫ్యాక్టరీలో ఫోన్లు లోపలికి తీసుకుపోనివ్వరు. సెక్యూరిటీ అతను వచ్చి అద్దం మీద తట్టి, "అన్నా, లాకర్ల నీ ఫోను ఆగకుండ మోగుతున్నది, జర సూస్కో" అన్నాడు. పద్నాలుగు మిస్డ్ కాల్స్, అన్నీ చెంగిచెర్ల అక్కవే. తిరిగి చేస్తే ఒక్క రింగుకే ఎత్తింది.

"తమ్మీ, నాయిన పోయిండు" అంది. ఆ తర్వాత ఏడుపే వినిపించింది.

చేతులకున్న గ్లోవ్స్ తీయడం కూడా మరిచిపోయి బండి ఎక్కాను. ఫ్యాక్టరీ నుంచి మామ ఇంటికి పది నిమిషాలు. దారంతా ఆదివారం నాటి ఫోను మాటలే చెవిలో తిరిగాయి. "అల్లుడా, స్పీకర్ ఒక జానెడు జరపాలె. నడుము పట్టింది, వంగరాస్తలేదు. ఒకపారి వస్తవా?" అని మామ అడిగాడు. "వచ్చే ఆదివారం పక్కా వస్త మామా" అన్నాను. ఉప్పల్‌లో మా ఇంటి నుంచి నాచారం ఏపాటి దూరం? ఆ రోజు మా అపార్ట్‌మెంట్‌లో నీళ్ల ట్యాంకు కడిగిస్తున్నారు. దగ్గరుండి చూడమని నాకు అప్పజెప్పారు. అందుకని పోలేదు.

మామ నాకు చుట్టం కాదు. నేను జనగామ దిక్కు నుంచి పెళ్లాంతో పట్నం వచ్చి, నాచారంలో ఎనిమిదేళ్లు అద్దెకున్న ఇంటి యజమాని. కింద వాళ్లు, పైన మేము. మొదట్లో "ఓనర్ సార్" అని పిలిస్తే ఆయన ముఖం అదోలా పెట్టుకుని, "సార్ అని ఫ్యాక్టరీల ముప్పై ఏండ్లు పిలిచిన్రు, సాలు. మామా అను" అన్నాడు. అట్లా ఆయన మామ, ఆయన భార్య అత్తమ్మ, చెంగిచెర్లలో కాపురముంటున్న వాళ్ల ఒక్కగానొక్క బిడ్డ అక్క అయిపోయారు.

మామ ఒక ప్రభుత్వ రంగ ఫ్యాక్టరీలో, ఎలక్ట్రానిక్ పరికరాలు పరీక్షించే సెక్షన్లో పనిచేసి రిటైరయ్యాడు. ఆ తర్వాత పెట్టుకున్న పని ఒక్కటే. ఎవరింట్లోనన్నా పాట సరిగ్గా వినపడకపోతే పోయి సరిచేయడం. కొత్త స్పీకర్లు కొనమని ఎవరికీ చెప్పేవాడు కాదు. ఉన్నవాటినే అటూ ఇటూ జరిపేవాడు, మనిషి కూర్చునే కుర్చీని జరిపేవాడు. చాయ తాగి వచ్చేసేవాడు.

నాకు ఆయన పాఠం మొదలైంది మేము దిగిన రెండో రోజే. మొదటి జీతంతో కొనుక్కున్న రెండు చిన్న స్పీకర్లు నా దగ్గరుండేవి. స్థలం లేక ఒకటి సజ్జ మీద, ఒకటి ఫ్రిజ్ మీద పెట్టాను. నీళ్ల మోటారు ఎప్పుడెప్పుడు వేయాలో చెప్పడానికి పైకొచ్చిన మామ, గుమ్మంలోనే ఆగి చెవి ఒగ్గాడు.

"గీ పాడేటామె ఏడ నిలబడ్డది అల్లుడా?"

నాకు అర్థం కాలేదు. "స్టూడియోల నిలబడి ఉంటది మామా."

"కాదు. నీ ఫ్రిజ్ మీద నిలబడ్డది. కిందవడ్తదేమో అని నాకు భయమైతున్నది."

నా పెళ్లాం వంటింట్లోంచి పక్కున నవ్వింది. మామ కిందికి పోయి పురికొస ఉండ ఒకటి, రెండు ప్లాస్టిక్ స్టూళ్లు తెచ్చాడు. స్పీకర్లను దించి, గోడకు రెండు జానలు ఎడంగా స్టూళ్ల మీద నిలబెట్టాడు. ఒక స్పీకర్ నుంచి రెండో స్పీకర్‌కు పురికొసతో కొలిచి ముడేశాడు. అదే కొలత ఒక్కో స్పీకర్ నుంచి నా కుర్చీ దాకా వచ్చేటట్టు కుర్చీని వెనక్కి లాగాడు. మూడు వైపులా ఒకటే కొలత. తర్వాత నన్ను కూర్చోబెట్టి, స్పీకర్ల మూతులను కొంచెం కొంచెం నా వైపు తిప్పాడు. సన్నని స్వరం వచ్చే చిన్న గుండ్రం నా చెవి ఎత్తుకు రావాలని స్టూళ్ల కింద రెండేసి పాత పుస్తకాలు కూడా దోపాడు.

"ఇగ కండ్లు మూస్కో. ఆమె ఏడున్నది?"

కళ్లు మూసుకున్నాను. స్పీకర్లు రెండూ మాయమయ్యాయి. ఉత్త గోడా, క్యాలెండరూ తప్ప ఏమీ లేని చోట, నాకు ఎదురుగా, ఒక మనిషి నిలబడి పాడుతోంది. ఆమె ఊపిరి పీల్చుకోవడం కూడా వినపడింది.

"పెట్టెలల్ల ఎవ్వలు లేరు అల్లుడా. నడుమ ఉన్నది ఆమె. గా నడుమ పోకుండ సూస్కో, అంతే" అని మామ పురికొస చుట్టుకుంటూ దిగిపోయాడు.

ఆ తర్వాత చాలా ఆదివారాలు ఆయన వెంట తిరిగాను. పురికొస రెండో కొస పట్టుకోవడం నా పని. ఆయన మాటల్లో రెండు నాకు బాగా గుర్తుండిపోయాయి. "స్పీకర్‌కు మూల ఇయ్యొద్దు, మనిషికి గోడ ఇయ్యొద్దు" అనేవాడు. మూలకు పెట్టిన స్పీకర్ గుమగుమమని ఉబ్బి మోగుతుంది, గోడకు ఆనించిన సోఫాలో కూర్చుంటే ఆ గుమగుమ తల వెనక చేరుతుంది. రెంటినీ కొంచెం ముందుకు లాగితే సగం రోగం పోతుందని ఆయన లెక్క. ఇంకోటి, "కొనుడు ఒక్క పూట పని అల్లుడా, పెట్టుడే అసలు పని" అనేవాడు.

ఆయన జేబులో అత్తమ్మ చేతి అద్దం ఒకటి ఉండేది. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, తాను పక్క గోడ వెంబడి ఆ అద్దాన్ని జరుపుకుంటూ పోయేవాడు. "స్పీకర్ కనపడంగనే ఆగుమని చెప్పు" అనేవాడు. ఎక్కడ అద్దంలో స్పీకర్ కనపడుతుందో అక్కడే చప్పుడు గోడకు తగిలి మన మీదికి తిరిగొస్తుందట. అక్కడ ఒక పరదా కట్టించేవాడు. పరదా లేకపోతే దుప్పటి. బొట్టు పెట్టుకుందామంటే అద్దం కనపడక అత్తమ్మ ఇల్లంతా వెతికేది.

"హాలంత పెట్టెలే, గోడలకు పరదలే. వచ్చినోళ్లు ఏడ కూసోవాలె, నీ నెత్తి మీదనా?" అనేది అత్తమ్మ. వాళ్ల హాల్లో మంచి కుర్చీ ఒక్కటే ఉండేది, సరిగ్గా నడిమధ్యలో. దాంట్లో ఆమె ఎన్నడూ కూర్చునేది కాదు. "నాకు వంటింట్ల నుంచే మంచిగ వినవడ్తది" అనేది. మామ దానికి ప్రతిసారీ నొచ్చుకునేవాడు.

అయితే మామ మొండివాడు మాత్రం కాదు. ఒకసారి ఉప్పల్‌లో ఒక రిటైర్డ్ రైల్వే ఉద్యోగి పిలిపించాడు. గోదావరి జిల్లాల మనిషి. "కాస్త చూసి సర్దండి సార్, ఎంత పెట్టినా మాట ముద్దగా వస్తోంది" అన్నాడు. సోఫా గోడకు ఆనించి ఉంది. మామ దాన్ని ముందుకు లాగించి, పురికొస వేసి, అంతా సరిచేశాడు. పెద్దాయన కళ్లు మూసుకుని వింటూ "అబ్బ" అన్నాడు. అప్పుడే లోపలి నుంచి మూడేళ్ల మనవరాలు మూడు చక్రాల సైకిలేసుకుని వచ్చింది. రోజూ సోఫా ముందు నుంచి బాల్కనీ దాకా ఆ పిల్ల తిరిగే దారి అదే. ఇప్పుడు సోఫా అడ్డమొచ్చింది. ఏడవలేదు, అరవలేదు. సైకిల్ మీద అట్లాగే కూర్చుని మా ముఖాలు చూసింది. మామ లేచి సోఫాను మళ్లీ గోడకు నెట్టేశాడు.

"అదేంటండీ, బాగా వచ్చిందిగా!" అన్నాడు పెద్దాయన.

"పాపకు దారి మూసి మనం పాట వింటమా సార్? ఆమె పెద్దగైనంక జరుపుకుందురు" అన్నాడు మామ. సోఫా వెనక గోడకు మందంగా ఒక బొంత వేలాడదీయమని చెప్పి వచ్చేశాడు.

రెండున్నరేళ్ల కింద ఒక పొద్దున అత్తమ్మ వాకిలి ఊడుస్తూ పడిపోయింది. చప్పుడు విని నేనూ మామా ఒకేసారి ఉరికాం. ఉప్పల్‌లో దవాఖానాకు తీసుకుపోయాం. మెదడు కుడి సగంలో రక్తం గడ్డకట్టిందన్నారు. ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. మాట మిగిలింది, కొంచెం ముద్దగా.

ఇంటికి తెచ్చాక గానీ అసలు సంగతి తెలియలేదు. పళ్లెంలో అన్నం పెడితే అత్తమ్మ కుడి సగమే తినేది. ఎడమ సగం ముట్టనే ముట్టదు. "ఇంకింత పెట్టు, ఆకలైతున్నది" అనేది. మామ పళ్లెం తిప్పిపెడితే, "ఇది ఇందాక ఎందుకు పెట్టలే?" అనేది. తల దువ్వుకుంటే కుడివైపే దువ్వుకునేది. ఎడమ పక్క నిలబడి పిలిస్తే, ఎవరో పిలిచారని కుడివైపు వెతికేది. కళ్లూ చెవులూ బాగానే ఉన్నాయని డాక్టరు చెప్పాడు. ఎడమ అనే దిక్కు ఒకటుందన్న సంగతినే మెదడు మరిచిపోయిందట.

ఆ రోజు మామ మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. "అల్లుడా, రెండు దిక్కులు సమానం చేసుడే నాకు తెలిసిన పని. ఆమెకు ఒక దిక్కు లేనే లేదు. నేనేం జరపాలె?" అన్నాడు. నేను ఆయన పక్కన కూర్చున్నాను, అంతే.

ఇంటికొచ్చి వ్యాయామం చేయించే ఫిజియోథెరపీ అమ్మాయి ఒక మాట చెప్పింది. "అంకుల్, మీరు ఎప్పుడూ ఆంటీకి ఎడమ పక్కనే కూసొని మాట్లాడాలె. అన్నం అటు నుంచే పెట్టాలె. టీవీ, పాటలు అన్నీ మెల్లమెల్లగ అటు జరపాలె. తల తిరిగేదాంక ఓపిక పట్టాలె."

"జరపాలె" అనే మాట మామకు చాలు. హాల్లో ఉన్న ఆ ఒక్క మంచి కుర్చీ తీసేసి అక్కడ అత్తమ్మ మంచం వేశాడు. రెండు స్పీకర్లలో ఒకదాని తీగ పీకి, మీద తువ్వాల కప్పి మూలకు నెట్టాడు. రెండోదాన్ని ఆమె కుడి భుజం దగ్గర పెట్టాడు. నేను తలగడ దగ్గర పురికొస పట్టుకుంటే, ఆయన రెండో కొసకు సుద్దముక్క కట్టి, కుడి నుంచి ఎడమకు మంచం చుట్టూ నేల మీద అర్ధచంద్రంలా గీత గీశాడు. గీత మీద జానెడు జానెడుకు ఒక అడ్డగీత. వారానికి ఒక జానెడు స్పీకర్ జరగాలి.

ఆమెకు ఏ పాట పెట్టాలన్నది ఆయన ముందే అనుకున్నాడు. ఎప్పుడో అక్క చిన్నప్పుడు, కాలనీలో బతుకమ్మ ఆడుతుంటే ఆయన క్యాసెట్టులో రికార్డు చేశాడు. పాట ఎత్తుకునేది అత్తమ్మ, మిగతా ఆడవాళ్లంతా అందుకునేవాళ్లు. చప్పట్లు, పిల్లల అల్లరి, మధ్యలో ఎవరిదో స్కూటర్ చప్పుడు, అన్నీ ఉన్నాయి అందులో.

మొదటిరోజు అది వినగానే అత్తమ్మ, "ఎవలది గా గొంతు?" అని అడిగింది.

"నీదే."

"నాది గింత మంచిగుండెనా?"

"ఇంకా మంచిగుండె. నా రికార్డింగే సక్కగ లేదు" అన్నాడు మామ.

వారానికొక జానెడు. కొన్ని వారాలు ఆమె తల వెంట వచ్చేది, కొన్ని వారాలు రాకపోయేది. రాకపోతే స్పీకర్‌ను మళ్లీ వెనక్కి జరిపేవాడు. నాలుగు నెలలకు స్పీకర్ ఆమె పాదాలకు సూటిగా వచ్చింది. అక్కడ ఆగిపోయింది. ఎడమ వైపు నాలుగు వేళ్లు జరిపినా ఆమెకు పాట ఆగిపోయినట్టే. "బంజేసినవా?" అని అడిగేది. చప్పుడు చెవిలో పడుతూనే ఉంది, ఆమె మాత్రం అటు పోలేకపోతోంది. అట్లా రెండు నెలలు గడిచాయి.

ఒకసారి నేనడిగాను. "మామా, నువ్వు కూసొని పాట విని ఎన్ని రోజులైంది?"

"ఆమె తల తిరుగుతదేమో సూస్తున్న గదా. వినుడు ఎట్లయితది?" అన్నాడు.

ఒక సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చి నేను వాళ్ల హాల్లో చాయ తాగుతున్నాను. మామ స్పీకర్‌ను నడిమి గీతకు అవతల నాలుగు వేళ్లు జరిపి, ఎప్పటిలాగే ఎడమ పక్క కుర్చీలో కూర్చున్నాడు. పాట నడుస్తోంది. అత్తమ్మ కనుబొమలు ముడిపడ్డాయి. "పాట అటు వోతున్నది" అంది. ఆమె తల కదిలింది. చాలా మెల్లగా, బరువైనదాన్ని లాగుతున్నట్టు, ఎడమకు తిరిగింది. కళ్లు కిటికీ దాకా పోయాయి.

"గీ పరద ఎప్పుడు కట్టినవ్?"

ఆ పరదా అక్కడ ఏడు నెలలుగా ఉంది. మామ లేచి వంటింట్లోకి పోయాడు. కుళాయి తిప్పిన చప్పుడైంది, చాలాసేపు నీళ్లు పారుతూనే ఉన్నాయి.

ఈ కథ ఇక్కడ ఆగితే ఎంత బాగుండేదో. పదిహేను రోజులకు ఆమెకు జ్వరమొచ్చింది, ఛాతీలో నెమ్ము చేరింది. తొమ్మిది రోజులు దవాఖానాలో ఉండి వచ్చేసరికి తల మళ్లీ కుడి భుజం మీదికి వాలిపోయింది. స్పీకర్‌ను మొదటి గీత దగ్గరికి తెస్తే గానీ ఆమెకు పాట దొరకలేదు. మామ నేల మీద చెరిగిపోయిన గీతలను మళ్లీ దిద్దుతుంటే నేను చూడలేకపోయాను.

"మళ్ల మొదటికెల్లా మామా?"

"మొదలంటె ఏడున్నదో తెలుసు గదా అల్లుడా. గది నయమే" అన్నాడు.

ఆ మరుసటి నెలే మేము ఉప్పల్‌లో కొనుక్కున్న ఫ్లాటులోకి మారాం. సామాను ఎక్కిస్తుంటే మామ గేటు పట్టుకుని నిలబడి, "పురికొస కొస ఎవలు పట్టాలెరా ఇగ?" అని నవ్వాడు. ప్రతి ఆదివారం వస్తానన్నాను. మొదట వారం వారం పోయాను. తర్వాత రెండు వారాలకు, ఆపైన నెలకు. మామ ఏనాడూ నిష్ఠూరమాడలేదు. ఫోనులో స్పీకర్ ఏ గీత మీదుందో చెప్పేవాడు. ఆదివారం ఫోనులో అడిగిన ఆ జానెడు, మూడో గీత నుంచి నాలుగో గీతకు.

మంగళవారం నేను పోయేసరికి వాకిట్లో షామియానా వేస్తున్నారు. అక్క నా చెయ్యి పట్టుకుని, ఆగి ఆగి చెప్పింది. పొద్దున మామ పాలు కాచి, అత్తమ్మకు చాయ పట్టించి, ముఖం తుడిచి, బతుకమ్మ పాట తిరిగి తిరిగి వచ్చేటట్టు పెట్టి, ఎప్పుడూ కూర్చునే ఎడమ పక్క కుర్చీలో కూర్చున్నాడట. అక్కడే ప్రాణం పోయింది. ఎనిమిదిన్నరకు పనామె వచ్చేదాకా ఎవరికీ తెలియదు.

"అమ్మ పిలుస్తనే ఉన్నదంట తమ్మీ. 'ఏడబోయిండో, పలుకుతలేడు' అని పనామెకు చెప్పిందంట. మూడడుగుల దూరంల ఉన్నడు నాయిన."

నేను ఆ కుర్చీ వైపు చూడలేకపోయాను. పాట ఇంకా నడుస్తోంది. ఎవరికీ ఆపడం తోచలేదు. నేనే పోయి ఆపాను.

మధ్యాహ్నానికి మామను వాకిట్లో ఐస్ బాక్సులో పడుకోబెట్టారు. తల దక్షిణం దిక్కు. అత్తమ్మను చక్రాల కుర్చీలో తెచ్చి ఆయన తల దగ్గర, గేటు వైపు ముఖం చేసి కూర్చోబెట్టారు. వచ్చేవాళ్లు ఆమెను పలకరించడానికి వీలుగా ఉంటుందని. మామ సరిగ్గా ఆమె ఎడమ చేతి పక్కన ఉన్నాడు.

ఆమె గేటు దగ్గర విడిచిన చెప్పులు చూస్తోంది. వచ్చేవాళ్లను గుర్తుపట్టి పేరు పెట్టి పిలుస్తోంది. "మీ మామ ఏడబోయిండో, చాయ వెట్టమందామంటె లేడు" అంటోంది. ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుంటున్నారు. అక్క పక్కన మోకాళ్ల మీద కూర్చుని, "అమ్మా, ఒక్కపారి నాయిన దిక్కు సూడే" అని ఏడుస్తోంది. "మతి పోయింది పాపం" అని ఎవరో అన్నారు.

మతి పోలేదని నాకు తెలుసు. ఆ ఇంట్లో ఆ సంగతి రోజూ చూసి ఎరిగిన రెండో మనిషి ఐస్ బాక్సులో ఉన్నాడు. అయినా చాలాసేపు చెప్పాలా వద్దా తేల్చుకోలేకపోయాను. ఇంతలో వైకుంఠ రథం వచ్చిందన్నారు. ఇక ఆగలేక అక్క దగ్గరికి పోయి, "అక్కా, కుర్చీ ఇటు తిప్పుదాం. కుడి దిక్కు వస్తెనే కనవడ్తడు" అన్నాను.

"వచ్చినోళ్లకు వీపు వెడ్తదా?" అని ఒక పెద్దామె అడ్డం చెప్పింది. అక్క వినిపించుకోలేదు. నేను కుర్చీ బ్రేకు తీసి, ముఖం ఇంటి వైపు ఉండేటట్టు మెల్లగా తిప్పాను.

అత్తమ్మ చూసింది. మొదట ఐస్ బాక్సు అద్దాన్ని, తర్వాత అద్దం కింద ముఖాన్ని. కుడి చెయ్యి లేచి అద్దం మీద పడింది.

"గింతసేపు ఏడున్నవ్?" అంది.

తర్వాత పూలదండ చూసింది. ముక్కులో దూది చూసింది. ఆమె గొంతులోంచి వచ్చిన కేకను నేను ఇక్కడ రాయలేను. వాకిట్లో అందరూ ఒక్కసారి ఏడ్చారు. ఆ పెద్దామె నా భుజం మీద చెయ్యి వేసి, కోపంగా కాదు, చాలా మెత్తగా అంది. "ఇంకింత సేపు తెలవకపోతే ఏమైతుండె కొడుకా?"

అత్తమ్మకు కడసారి చూపు దక్కాలనుకున్నాను. మామ ఉంటే కుర్చీ తిప్పేవాడో, సైకిల్ పాప ముందు సోఫాను వెనక్కి నెట్టినట్టు, చూపు దక్కకపోయినా సరేనని వదిలేసేవాడో, నాకు తెలియదు.

పదకొండో రోజు అయ్యాక అక్క, తల్లిని చెంగిచెర్లకు తీసుకుపోయింది. మంచం ఎట్లా వేయాలో చూడమంటే నేను ఒక రోజు ముందే పోయాను. కొత్తగా వెలుస్తున్న కాలనీలో రెండు గదుల ఇల్లు. అత్తమ్మకు ఇచ్చిన గదిలో ఒక పక్క తలుపు, ఒక పక్క గోడలో కట్టిన బీరువా. ఎట్లా కొలిచినా మంచం పట్టేది ఒకే గోడకు, తల ఉత్తరానికి పెట్టకూడదు కాబట్టి తలగడ వేసేదీ ఒకే కొసకు. అట్లా వేస్తే ఆమె ఎడమ పక్క గోడకు ఆనుతుంది. ఇక అటు పక్క ఎవరూ కూర్చోలేరు, అటు నుంచి ఎవరూ మాట్లాడలేరు. మూడుసార్లు కొలిచాను. బావ ఆఫీసు నుంచి వచ్చి, "కాకపోతే బీరువా పగలగొడదామా?" అని కూడా అన్నాడు. అద్దె ఇల్లు. ఓనర్ ఒప్పుకోలేదు.

మంచం గోడకే వేశాం. స్పీకర్ కుడివైపు కిటికీలో పెట్టాను. వారానికి జానెడు జరపడానికి అక్కడ జానెడు చోటు కూడా లేదు. ఇప్పుడు అందరూ కుడివైపు నుంచే వస్తారు, కుడివైపే కూర్చుంటారు. అత్తమ్మకు అందరూ కనపడుతున్నారు. ఫిజియోథెరపీ అమ్మాయి వచ్చి చూసి, వేళ్ల వ్యాయామం మాత్రం చేయించి పోయిందట.

మొన్న ఆదివారం పోయాను. అత్తమ్మ నన్ను చూసి, "అల్లుడు వచ్చిండు, చాయ వెట్టు" అని బిడ్డను పిలిచింది. ముఖం కొంచెం తేటపడింది. కిటికీలో బతుకమ్మ పాట సన్నగా నడుస్తోంది. కాసేపు మా పిల్లల సంగతులు అడిగింది, ఉప్పల్‌లో నీళ్లు వస్తున్నాయా అని అడిగింది. మామ మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

మాట్లాడుతూనే ఆమె కుడి చెయ్యి దుప్పటి మీద మెల్లగా పాకుతూ పోయింది. గోడ పక్కన ఎప్పుడూ కదలక పడి ఉండే తన ఎడమ చేతిని పట్టుకుంది. ఒళ్లోకి తెచ్చుకుని రెండు మూడుసార్లు నిమిరింది.

"నొస్తున్నదా అత్తమ్మా?" అని అడిగాను.

"నాకేం నొస్తది? ఇది మీ మామ చెయ్యి" అంది.

నేను అక్క వైపు చూశాను. ఆమె చాయ గ్లాసులతో గుమ్మంలోనే ఆగిపోయింది. పది రోజుల నుంచి ఇట్లాగే అంటోందని తర్వాత నాకు చెప్పింది.

"గీడనే ఉన్నడు. పొద్దటి సంది పట్టుకొని కూసున్న" అంది అత్తమ్మ. గొంతులో ఏ తడబాటూ లేదు. "సల్లగైంది. జర సేపు పట్టుకుంటె ఎచ్చగైతది."

చాయ చల్లారిపోయేదాకా నేను అక్కడే కూర్చున్నాను. ఆమె బొటనవేలు ఆ చేతి కణుపుల మీద ఒకటి తర్వాత ఒకటిగా పోయి, చిటికెన వేలి దగ్గర ఆగి, మళ్లీ మొదటి వేలి దగ్గరికి వస్తోంది.